వృథా నడక

మధ్యాహ్నం మా పాప నిద్రపోయాక ఫోన్ చూస్తే, ఒకప్పుడు మా మిల్లులో శిక్షణ ఇచ్చిన సారు తన కొత్త క్లాసు ఫోటోలు పెట్టాడు. ఆయన వెనక తెర మీద కనబడుతున్న ఎర్ర గీతల బొమ్మ నాది, ఏడేళ్ల కింద నా చేత్తో గీసింది. దాని కింద ‘ఉత్తమ ఉదాహరణ’ అని రాసి ఉంది. ఫోన్ బోర్లించి పెట్టాను.

డిగ్రీ కాగానే దొరికిన మొదటి ఉద్యోగాన్ని కళ్లకద్దుకున్న నా ఈడువాళ్లకు నేనది ఎందుకు గీశానో అర్థమవుతుందనుకుంటాను. వనపర్తి దగ్గర పల్లీల మిల్లు అది. ఒక పక్క కాయ ఒలిచే యంత్రం మోత, ఇంకో పక్క వరుసగా కూర్చుని పుచ్చుగింజలూ రాళ్లూ ఏరే ఆడవాళ్లు, వాళ్ల మీద నేను సూపర్‌వైజర్ని. సారు హైదరాబాదు నుంచి వచ్చి, పనికిరానివి తీసేయించి, ప్రతి వస్తువుకూ ఒక చోటు పెట్టించి, నేల మీద పసుపు గీతలు కొట్టించాడు. అంతవరకు మేలే జరిగింది, గంపలూ చీపుర్లూ వెతుక్కునే బాధ తప్పింది. తర్వాత ఒక్కో మనిషి రోజంతా ఎక్కడెక్కడ నడుస్తుందో మిల్లు నక్షా మీద ఎర్ర పెన్నుతో నన్ను గీయమన్నాడు. సరుకుకు విలువ పెంచని ప్రతి అడుగూ వృథా అని ఆయన చెబితే, నాకది వేదంలా తోచింది.

అమరచింత నుంచి వచ్చే ఒకామెకు గీసిన ఎర్రగీత నాలుగుసార్లు గేటు దాకా పోయి వచ్చింది. గేటు బయట చెట్టు నీడన వాళ్లత్త నాలుగు నెలల పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది, ఈమె పోయి పాలిచ్చి వచ్చేది. నేను గీస్తుంటే వంగి చూసింది.

“గింత పొడుగున్నదా మేడం నా తొవ్వ? చీర అంచు లెక్కనే ఉన్నది గద.”

పక్కవాళ్లు నవ్వారు. ఆ గీత దేనికో ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

సారు ఆ కాగితం అందరి ముందూ ఎత్తి చూపి చప్పట్లు కొట్టించాడు. మర్నాటి నుంచి మిల్లు యజమాని తిండివేళ దాకా గేటుకు తాళం వేయించాడు. యంత్రం ఆగినప్పుడల్లా బయట పాప ఏడుపు వినబడేది. ఆమె తలెత్తకుండా ఏరుతూ, తడిసిన రవికకు కొంగు అడ్డం పెట్టుకునేది. “జర తాళం తియ్యమను మేడం, ఉరికి పోయి ఉరికొస్త” అని ఒక్కసారే అడిగింది. యజమానికి చెబుతానన్నాను, చెప్పలేదు. పైగా ఆ తడి గింజల మీద పడుతుందేమోనని ఏవగించుకున్నాను. ఇప్పుడు నా రవిక తడిసినప్పుడల్లా ఆ తలపు గుర్తొచ్చి నా మీద నాకే రోత పుడుతుంది.

అత్త సీసాలో నీళ్లు కలిపిన బర్రెపాలు పట్టింది. వారం తిరక్కముందే పాపకు విరేచనాలు పట్టుకుని దవాఖానలో చేర్చారని పక్కామె చెప్పింది. తల్లి మళ్లీ పనికి రాలేదు, మానవపాడు దిక్కు మిరపకాయలు తెంపడానికి పోయిందన్నారు. పాప దక్కిందా అని నేనెవరినీ అడగలేదు. ఆ నెల ఏ వరుస ఎంత ఏరిందో రాసే గోడ మీది పట్టికలో మా వరుసకు మొదటి స్థానం వస్తే మిఠాయి పంచాను.

ఇప్పుడు మా పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, గడియకోసారి చెయ్యి వేసి చూస్తాను. పోయిన నెల టీకాకు తీసుకుపోతుంటే బస్సు ఆ మిల్లు ముందు నుంచే పోయింది. ఏరే పనికి యంత్రాలు వచ్చాయట, ఆడవాళ్లెవరూ లేరు. గేటు బార్లా తెరిచి ఉంది. అందులోంచి పరుగున బయటికొచ్చి బిడ్డను అందుకునే మనిషే లేదు.