నా ఒక్కపొద్దు మీద పడిన దోసెల నింద

ఒకప్పుడు మా వైపు రాత్రికి ఏం వండారని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. అడగవలసిన పని లేదు. సంగటి. చలికాలమైనా, ఎండాకాలమైనా, వాన పడినా (పడితే కదా!), కళ్యాణదుర్గం దగ్గరి మా ఊళ్లో పొద్దు గూకితే సంగటి ముద్ద, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి, అదృష్టముంటే ఆకుకూర పప్పు. పెట్టిన స్వామికి దండం పెట్టుకుని తినేవాళ్లం. శనివారం మాత్రం నాకు ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, రాత్రికి అన్నమూ సంగటీ ముట్టకుండా గుప్పెడు బొరుగులు (కొందరు మరమరాలంటారు), ఒక అరటిపండు. (బొరుగులూ బియ్యమే కదా అని మీరు అడగవచ్చు. అడగకండి.) ఊహ తెలిసినప్పటి నుంచి కదిరి నరసింహస్వామి పేరు మీద పట్టిన ఒక్కపొద్దు అది. దాని మీద ఒకరు నోరు జారితే నాకెంత మండి ఉంటుందో మీరే చెప్పండి. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

నేను బడికి పోయి చదివినదాన్ని కాను. హైస్కూలు దూరం, బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మా నాయనే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పి, పదో తరగతి ప్రైవేటుగా కట్టించాడు. లెక్కల్లో మాత్రం నాయనా నేనూ ఒకే చోట ఆగిపోయాం. అందుకని పరీక్షలకు ముందు కొన్నాళ్లు నన్ను గుంతకల్లులో పెద్దమ్మ ఇంట్లో ఉంచి, ఆ వీధిలోనే ఒక టీచరమ్మ దగ్గర ట్యూషన్ పెట్టించారు. పెద్దనాయనకు రైల్వేలో ఉద్యోగం. ఇంట్లో ఆయన, పెద్దమ్మ, వాళ్ల కొడుకు (ఎంత తిన్నా ఒంటికి పట్టదు గనుక బక్కన్న), అందరి పైనా పెద్దనాయన తల్లి, అవ్వ. ఆ ఇంట్లో రాత్రికి అన్నం, చారు, మధ్యాహ్నపు కూరలో ఏదైనా మిగిలితే అది. దానికీ దండం పెట్టుకునే తిన్నాను.

మొదటి శనివారం ఒక్కపొద్దని చెప్పి బొరుగులు అడిగితే పెద్దమ్మ నొచ్చుకుంది. "మా ఇంటికొచ్చిన పిల్లకు బొరుగులు పెడితే మీ అమ్మ ఏమనుకుంటాది? ఈడ ఒక్కపొద్దంటే టిఫినే పాపా" అంటూ పెనం పెట్టింది. (ఈ శాస్త్రం ఎవరు రాశారో ఆ స్వామికే తెలియాలి. బియ్యం ఉడికిస్తే ఒక్కపొద్దు చెడుతుంది. అదే బియ్యం నానబెట్టి, రుబ్బి, పెనం మీద పోసి, ఎర్రగా కాల్చి, చెనిక్కాయల చట్నీతో తింటే చెడదు.) వేడి వేడి దోసెలు పళ్లెంలో పడుతుంటే నేనేం చెయ్యాలి? పెట్టినదాన్ని కాదంటే అన్నపూర్ణమ్మకు కోపం రాదా? తిన్నాను. పై శనివారం బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, బజ్జి. అదీ తిన్నాను. కృతజ్ఞతతోనే తిన్నాను. పక్కన చారన్నం కలుపుకుంటున్న బక్కన్న నా పళ్లెం వైపు ఎలా చూస్తున్నాడో నాకేం తెలుసు, నేను తల వంచుకుని కదా తింటున్నది!

ఆ తరువాతి వారం బక్కన్నకు భక్తి పుట్టింది. "అమ్మా, నాకూ శనివారం ఒక్కపొద్దే" అన్నాడు. "యా దేవునికిరా?" అంది పెద్దమ్మ. "అదే... పాప పట్టిన దేవునికే." ఆ పై వారం డ్యూటీ దిగి వచ్చిన పెద్దనాయన బూట్లు విప్పుతూ, "రాత్రి ఆంజనేయస్వామి కలలోకొచ్చినాడు. శనివారం అన్నం మానమన్నాడు" అన్నాడు గంభీరంగా. అందరూ భక్తిలో ఉంటే తానొక్కతే చారన్నం తినడం బాగుండదని అవ్వ కూడా చేరిపోయింది. ఇక చూడండి, ఇంటిల్లిపాదీ వరసగా పళ్లేలు పట్టుకుని కూర్చోవడం, పెద్దమ్మ ఒక్కతే చెంగుతో మొహం తుడుచుకుంటూ పొయ్యి దగ్గర నిలబడడం. చివరికి ఆమెకూ విసుగొచ్చి, "ఈ ఇంట్లో దేవుడు ఎక్కువైనాడు, పిండి చాల్తాలేదు" అని గరిటె విసురుగా పెట్టింది.

అప్పుడు అన్నది అవ్వ ఆ మాట. దోసె తుంచుకుంటూ, నింపాదిగా: "అంతా ఈ పిల్ల వచ్చినాకే కదా! దోసెలు తినేకి దేవుణ్ని అడ్డం పెట్టుకునే పిల్లను నేను యాడా చూళ్లేదప్పా."

నేనా! దేవుణ్ని అడ్డం పెట్టుకున్నది నేనా! నేను కలలు కన్నానా? నేను పెనం పెట్టమన్నానా? బొరుగులు అడిగినదాన్ని బలవంతాన దోసెల దగ్గర కూర్చోబెట్టి, ఇప్పుడు నా భక్తినే పిండిలో కలిపేస్తారా? చేతిలో తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది. (తర్వాత తిన్నాను లెండి, పారేస్తే పాపం.) "అవ్వా, పై వారం నుంచి నాకు మా ఇంట్లో మాదిరే బొరుగులు. ఇంకేం పెట్టినా ముట్టను. స్వామి మీద ఆన" అన్నాను. అవ్వ ఊరుకునే రకమా? "అట్లనా! ఒక ఇంట్లో రెండు రకాల ఒక్కపొద్దులా? అందరికీ బొరుగులే. సూస్తా, నీ భక్తి ఎన్నాళ్లుంటాదో" అంది. బక్కన్న గాభరాగా, "అయితే నేను మానేస్తా" అన్నాడు. "పట్టిన ఒక్కపొద్దు నడిమధ్యలో ఇడిస్తే కండ్లు పోతాయి. ఇడుస్తావా?" అంది అవ్వ. బక్కన్న ఒకసారి కళ్లు మూసి తెరిచి చూసుకున్నాడు. విడవలేదు.

ఆ శనివారాలు నేను మరువలేను. గది నిండా బొరుగుల కరకర. పక్క క్వార్టర్స్‌లో పెనం మీద పిండి చుయ్యిమంటే పెద్దనాయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. పళ్లు లేని అవ్వ బొరుగులు పాలలో నానబెట్టుకుని, నన్ను చూస్తూ జుర్రుకునేది. "మమ్మల్ని సంపేకే వచ్చినావు కదమ్మే" అని బక్కన్న. నాకు మాత్రం ఆకలి కాదా? అయినా నడుం నిటారుగా పెట్టి, అరటిపండు ప్రసాదంలా తిన్నాను. నా పరువు కాదు, నా స్వామి పరువు పోతుందని.

చివరికి ఒక శనివారం సాయంత్రం అవ్వే పిలిచింది. "పాపా, ఈడికి రా. నీది భక్తేలే. నోరు జారినా. ఆ ఆన తీసేసుకుని, పెనం పెట్టమని మీ పెద్దమ్మకు చెప్పు." నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. స్వామికి దండం పెట్టుకుని బయటికి పరుగెత్తాను. పెద్దమ్మ మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, దోసిట్లో బొరుగులు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది.

"పెద్దమ్మా, అవ్వ ఒప్పుకుంది! నాది భక్తేనంట! పెనం పెట్టాలంట!"

"ఒప్పుకుంటే మంచిదే" అంది ఆమె, కదలకుండా. "పెనం మాత్రం ఎక్కదు. పెండ్లయి ఈ ఇంటికొచ్చినాక సాయంకాలం నేను ఇట్ల కూచునింది ఎప్పుడూ లేదు. శనివారం పొయ్యికీ ఒక్కపొద్దే పాపా." లోపలి నుంచి అవ్వ, "ఏమంటాదే అది?" అని కేక వేసింది. పెద్దమ్మ కూర్చున్నచోటి నుంచే, "పట్టింది ఇడిస్తే కండ్లు పోతాయంట అత్తా! మీరే కదా చెప్పినారు!" అంది.

ఆ విధంగా నా నింద పోయింది, దోసెలూ పోయాయి. స్వామి దయవల్ల లెక్కల్లో కూడా గట్టెక్కి మా ఊరు చేరుకున్నాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మీద గౌరవం ఎంతైనా ఉంది గానీ, ఆ మాట మీద కోపం మాత్రం ఇంకా ఉంది, దాచుకోను. ఒక్కోసారి శనివారం పొద్దు గూకేవేళ పెద్దమ్మకు ఫోన్ చేస్తాను. "ఏం చేస్తాండావు పెద్దమ్మా?" అంటే, "ఏముండాది పాపా, ఊరికే కూచున్నా" అంటుంది, హాయిగా. ఆ మాట వింటే, స్వామి అంత కథ నడిపింది తన కోసమేననుకుని, ఆకలి కడుపుతో మెడ నిక్కించుకుని కూర్చున్న ఆ పదో తరగతి పిల్ల కళ్ల ముందు మెదిలి, ఫోన్ ఇవతల నాలో నేనే నవ్వుకుంటాను.