నా పోస్టుకార్డుకు సర్కారు జవాబు

నేను బండలు మోసే వయసులో, రూలు అనేదాన్ని ఒక మనిషి కూర్చుని రాస్తాడని నాకు తెలియనే తెలియదు. వడగళ్లు పడినట్టు అదీ పైనుంచి పడుతుందనీ, పడినప్పుడు నెత్తిన ఏదో ఒకటి కప్పుకుని నిలబడడమే మన పని అనీ అనుకునేదాన్ని. ఇప్పటి పిల్లలు ఏ సర్కారు కాగితం కావాలన్నా ఫోనులో తీసి చూస్తారు, చూసి మరిచిపోతారు. ఆ కాలంలో మాకు సర్కారు కాగితం కనిపించేది పంచాయతీ ఆఫీసు గోడమీద మాత్రమే, అదీ సగం ఎవరో చింపుకుపోయాక. (ఒకసారి ఆ చింపినదాన్ని నేనే. పొయ్యి రాజేసుకోవడానికి. అందులో ఏ రూలు కాలిపోయిందో ఇప్పటికీ తెలియదు.)

ఎర్రగుంట్ల దగ్గర ఒక బండల షెడ్డులో నా పని. గనిలోంచి వచ్చిన నల్లబండను మిషను కోస్తుంది, మగవాళ్లు నునుపు చేస్తారు, ఆ పలకలను మోసి, సైజుల వారీగా పేర్చి, లారీకి ఎక్కించేది మేం ఎనిమిదిమంది ఆడవాళ్లం. నల్లబండ సంగతి ఎరగని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎండాకాలంలో పది దాటితే దాన్ని ముట్టుకోలేరు. పన్నెండుకు దానిమీద దోసె కాలుతుందనేవాళ్లు. (పిండి దండగని నేను పోసి చూడలేదు.) అందుకే ఎండలు ముదిరితే మేం కోడి కూయకముందే బయలుదేరి, పదింటికల్లా పని ముగించి, పిల్లలకు సంగటి కెలికే వేళకు ఇల్లు చేరేవాళ్లం. ఆ తెల్లవారుజాము పనితోనే నా సంసారం నడిచేది.

ఒకనాడు మా మేస్త్రి పంచాయతీ గోడమీది కాగితాన్ని, ఇంకా ఎవరూ చింపకముందే, చదివి వచ్చాడు. ఎక్కడో చీకట్లో పనికి పోతున్న ఆడమనిషిని లారీ గుద్దిందట. అందుకని బండల షెడ్లలో ఆడవాళ్లను పొద్దున తొమ్మిది తర్వాతే పనిలోకి తీసుకోవాలని సర్కారు కొత్త రూలు రాస్తోంది. ఇంకా ఖాయం కాలేదు, ముసాయిదా. నెల రోజుల్లోపు ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చు. ఈలోగా ఒక సారు షెడ్లకు వచ్చి, ఈ రూలు వస్తే ఎవరికి ఏమవుతుందో చూసి రాసుకుంటాడు.

"తొమ్మిదికి మొదలుపెడితే ఎండాకాలం గంట పని గూడా కాదు గదప్పా!" అన్నాను.

"కాదు. అందుకే మన షెడ్డాయన అప్పుడే చెప్పేసినాడు, రూలొస్తే తెల్లారుజామున మగోళ్లను పెట్టుకుంటాడంట. మీరు ఇంట్లో కూచోవల్ల" అన్నాడు మేస్త్రి, బీడీ ఆర్పుతూ.

మాలో అందరికన్నా పెద్దదాన్ని మేం స్తోత్రమక్క అనేవాళ్లం. మంచి జరిగినా చెడు జరిగినా "స్తోత్రం" అనే అలవాటు ఆమెది. ఆ పూట మాత్రం అనలేదు. 

ఇక్కడే నా తెలివి పనిచేసింది. సారు వస్తున్నాడంటే, మన షెడ్డు చూసి మంచివాళ్లు అనుకోవాలి కదా! మంచివాళ్లను ఎవరైనా పనిలోంచి తీసేస్తారా? నేను అందరినీ కూడేసి, ఇంటికి చుట్టం వస్తే ఏం చేస్తామో అదే చేద్దామన్నాను. సారు మధ్యాహ్నం వస్తాడని తెలిసి, ఆ రోజు పని ముగిశాక ఎవరినీ ఇంటికి పోనివ్వలేదు. కుంట నుంచి బిందెలతో నీళ్లు మోయించి, బండలు పేర్చిన జాగా అంతా కల్లాపి చల్లించాను. గోనెపట్టలు తడిపి బండలమీద పరిపించాను, సారు కాళ్లు కాలకూడదని. ఇంట్లో మొహం కడుక్కునే నీళ్లను కూడా చెంబుతో కొలిచి ఇచ్చే నేను, ఆ రోజు ఎన్ని బిందెలు పోయించానో లెక్కే పెట్టలేదు.

సారు గొడుగు వేసుకుని వచ్చాడు. షెడ్డు నీడలోకి వచ్చాక కూడా ముడవలేదు, అందుకే ఆయన మాకు గొడుగు సారు అయ్యాడు. సంచిలోంచి గాజు గొట్టంలాంటిది తీసి, మా తడిగోనె మీద పెట్టి, అందులోకి చూసి, పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత మా ముందు నిలబడి, "మధ్యాహ్నం పూట పనిచేయడం మీకు ఇబ్బందిగా ఉంటుందామ్మా?" అని అడిగాడు.

ఎండలో పడి వచ్చిన మనిషి ముందు మన కష్టాలు ఏకరువు పెడతామా? "మాకేం కష్టం సార్, మీరు ఫస్టు మజ్జిగ తాగండి" అన్నాను. మిగతా ఏడుగురూ నా వెనక తలలూపారు. ఆయన మజ్జిగ తాగి, పుస్తకం తెరిచి, మాకు వినిపించాలని పైకి చదివాడు. "బండల వేడి సాధారణం. మధ్యాహ్నం పనివేళలకు ఇబ్బంది లేదని స్త్రీలే స్వయంగా చెప్పారు." చదివి, నమస్కారం పెట్టి, గొడుగుతో సహా వెళ్లిపోయాడు.

గోనెపట్టలు ఆరుతూ పొగలు కక్కుతున్నాయి.

"ఏమ్మే," అంది స్తోత్రమక్క, "నీ పని నువ్వే మగోళ్లకు పిలిచిచ్చినావు గదే!"

"చుట్టమనుకున్యా అక్కా."

"చుట్టమే. మన బువ్వ మూటగట్టుకోని పాయె."

ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. తప్పు నాది, దిద్దాల్సిందీ నేనే. నా చదువు మూడో తరగతి, అదీ చివరిదాకా కాదు. అయినా రాయగలను, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా, పలకలు పేర్చినట్టు. పోస్టాఫీసుకు పోయి ఒక కార్డు కొన్నాను. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, కానీ రెండో కార్డు కొనడానికి నా చెయ్యి రాలేదు. ఒకవైపు నిండాక అంచుల వెంబడి రాశాను, అంచులు నిండాక వాటి మూలల్లో రాశాను, చివరి సూచనకు చోటు దొరక్క అడ్రసుకూ స్టాంపు బొమ్మకూ నడుమ ఇరికించాను. పోస్టుమాస్టరు దాన్ని చేత్తో తిప్పి చూసి, "ఇది పోతాది గానీ, చదివేటోడికి మెడ పట్టేస్తాది తల్లీ" అన్నాడు.

రాసింది ఇదీ. మొదటిది, బండలమీద నీళ్లు పోసింది మేమే, క్షమించాలి, ఎండాకాలం తెల్లవారుజామునే పని ఉండాలి. రెండోది, చీకటి భయమైతే దారిలో దీపాలు పెట్టించండి. మూడోది, చలికాలం కూడా తెల్లవారుజామే ఉంచండి, మాకు అలవాటు. నాలుగోది కోపంలో రాశాను. రూలు రాసే సారు మధ్యాహ్నం మా బండమీద వట్టికాళ్లతో నిలబడాల. డబ్బాలో వేశాక అది గుర్తొచ్చి, చెయ్యి దూర్చి తీయబోయాను. చెయ్యి పట్టలేదు.

రెండు వారాలు నాకు నిద్ర సరిగా లేదు. పోలీసులు వస్తారనుకున్నాను. వచ్చింది గొడుగు సారు. ఈసారి ఎవరికీ చెప్పలేదు, గొడుగూ తేలేదు, మేం పని మొదలుపెట్టే వేళకే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో నా కార్డు. "ఇది రాసినవారు ఎవరమ్మా?" అన్నాడు. నేను స్తోత్రమక్క వెనక దాక్కున్నాను. ఆమె పక్కకు తప్పుకుని, "ఇదే సార్" అని నన్ను ముందుకు తోసింది.

"దీన్ని చదవడానికి నేను కుర్చీ చుట్టూ తిరగాల్సి వచ్చింది" అన్నాడాయన. తిట్టలేదు. నవ్వాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తగ్గదు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా షెడ్డులోనే ఉన్నాడు. గంటగంటకూ గాజు గొట్టాన్ని వట్టి బండమీద పెట్టాడు. మా ఇళ్ల నుంచి షెడ్డు దాకా చీకట్లో నడిచి, లారీలు ఎక్కడ మలుపు తిరుగుతాయో గుర్తులు పెట్టాడు. మేం ఎన్నింటికి లేస్తాం, కొళాయి ఎప్పుడు వస్తుంది, పిల్లలను బడికి ఎవరు పంపుతారు, పని గంటలు మారితే సంగటి ఎవరు కెలుకుతారు, లారీ ఆలస్యమైతే రైలుకు అందాల్సిన సరుకు ఏమవుతుంది అని ఒక్కొక్కరినీ అడిగాడు. షెడ్డు యజమానిని అడిగాడు, లారీ డ్రైవర్లను అడిగాడు, లారీ గుద్దిన ఆ మనిషి ఊరికి కూడా పోయి వచ్చానన్నాడు. పెద్ద కాగితంమీద నిలువు గీత గీసి, ఒకవైపు రూలు వస్తే ఎవరికేమి మేలు, ఎవరికేమి చేటు అనీ, రెండోవైపు రాకపోతే ఏమిటనీ రాసుకున్నాడు. అగ్గిపెట్టె కొనేముందు కూడా నాలుగు అంగళ్లు తిరిగే నాకన్నా ఆలోచనాపరులు లేరని నాకొక గర్వం ఉండేది. ఆ కాగితం చూశాక అది పోయింది. పనిలో ఒక్క పూట అటూ ఇటూ జరిపితే ఇన్ని ఇళ్లు, ఇన్ని పొయ్యిలు, ఇన్ని చక్రాలు కదులుతాయని, వాటన్నిటినీ కదలకముందే లెక్కకట్టి చూసే మనుషులు ఉంటారని, నేను కలలో కూడా అనుకోలేదు.

మూడో రోజు పని ముగిసినా మేం ఇళ్లకు పోలేదు. పన్నెండు గంటలకు ఆయన బూట్లు విప్పాడు. సాక్సులు విప్పాడు. మడిచి బూట్లలో పెట్టాడు.

"వద్దు సార్! ఏదో రాసినా, కోపంలో రాసినా" అన్నాను.

"సూచన సూచనే కదమ్మా" అని పలకమీద కాలుపెట్టాడు. రెండో కాలు కూడా పెట్టాడు. ఒకటి, రెండు, మూడు అని స్తోత్రమక్క లెక్కపెడుతోంది. ఐదు దగ్గర ఆయన ఎగిరిన ఎగురుడు చూసి మేం ఎనిమిదిమందీ కొంగులు నోట్లో కుక్కుకున్నాం. మేస్త్రి పరిగెత్తి బిందెడు నీళ్లు ఆయన పాదాలమీద కుమ్మరించాడు. "స్తోత్రం" అంది స్తోత్రమక్క, తృప్తిగా.

కొన్ని నెలలకు రూలు ఖాయమై వచ్చింది. దానితోపాటు, అభ్యంతరాలు పంపిన వాళ్లకు సర్కారు ఇచ్చిన జవాబులను ఒక పట్టికగా అచ్చువేసి పంపారు. అందులో నా పేరు ఉంది! ఇంటిపేరుతో సహా. పక్కన, పోస్టుకార్డు ద్వారా, అని ఉంది. కూడబలుక్కుని చదివాను. ఎండాకాలపు నెలల్లో తెల్లవారుజాము పని, ఆమోదించడమైనది, అయితే యజమాని దారిలో దీపాలు పెట్టించవలెను. మా పని మాకు దక్కింది. అక్కడికే కళ్లు మసకబారాయి. నాలుగో సూచనకు ఎదురుగా ఒకే మాట ఉంది. "నిలబడడమైనది." మేస్త్రి దాన్ని నాలుగుసార్లు చదివి నాలుగుసార్లూ నవ్వాడు.

కానీ నేను ఎక్కువసార్లు చదివింది మూడోదాన్ని. చలికాలం తెల్లవారుజాము పని ఆమోదించలేదు, కారణం: ఆ నెలల్లో పొద్దు ఆలస్యంగా పొడుచును, ప్రమాదాలు చీకట్లోనే జరిగినవి, బండకు వేడి ఉండదు గనుక తొమ్మిదికి మొదలుపెట్టినా పనివారికి నష్టం లేదు. అంతవరకూ నాకు "కాదు" అన్నవాళ్లకు కొదవలేదు. నాయన బడి మాన్పించినప్పుడు అన్నాడు, అత్త అంది, షెడ్డాయన రోజూ అంటాడు. ఎందుకు కాదో నాకు చెప్పాలని, చెబితే నాకు అర్థమవుతుందని అనుకున్నది మాత్రం ఆ కాగితం ఒక్కటే.

ఇప్పుడు ఇంట్లో రూళ్లు రాసేది నేను. పోయిన నెల ఒకటి పెట్టాను, మధ్యాహ్నం రెండు దాటేదాకా ఎవరూ కూలరు వేయకూడదని. నా మనవరాలు అభ్యంతరం రాసి తెచ్చింది, ముత్యాల్లాంటి అక్షరాలతో. నేను కళ్లద్దాలు పెట్టుకుని, కింద "ఆమోదించలేదు" అని రాసి, "కారణం" అని రాసి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కరెంటు అని రాద్దామంటే బిల్లు కట్టేది నేను కాదు. చల్లగాలి ఒంటికి పడదని రాద్దామంటే ఆ పిల్ల మెడమీద చెమటకాయలు కనిపిస్తున్నాయి.

"ఏం జేజీ, కారణం దొరకల్యా?"

"దొరుకుతాది, ఉండు," అన్నాను. "దొరికేదాకా ఏసుకో పో."