చెప్పని సాక్ష్యం

అమెరికాలో, క్యారీ ఊళ్లోని మా తెలుగు చర్చికి ఆ అమ్మాయి కొత్త. మాస్టర్స్ చదువుతోంది. శుక్రవారం సాయంత్రం ప్రార్థన కూడికలో, ఎవరి మనవులు వాళ్లు చెప్పుకునే వేళ, తలవంచుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. షాపులో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుంది. తలుపు దగ్గరే పట్టుకున్నారు. వచ్చే వారం కోర్టు.

అంత ధైర్యం నాకెప్పుడూ లేదు. నాలుగేళ్ల కిందట, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, నేనూ ఇదే పని చేశాను. నాది లిప్‌స్టిక్, షాంపూ. కొనలేక కాదు, ఎవరు చూస్తారులే అన్న పొగరు. లాయరు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి నన్ను డైవర్షన్ ప్రోగ్రామ్‌లో చేర్పించాడు. మొదటిసారి తప్పు చేసినవాళ్లకి అదొక దారి. నేను కోర్టులో నేరం ఒప్పుకోనక్కర్లేకపోయింది. ఒక క్లాసుకి వెళ్లి, కొన్ని గంటలు సేవ చేశాక కేసు కొట్టేశారు.

ఆ గంటలు మా చర్చిలోనే, పేదలకిచ్చే సరుకులు సర్దుతూ పూర్తి చేశాను. గంటలు రాసే కాగితం మీద కోర్టు పేరున్న పైభాగం మడిచి, కాలేజీ వాళ్లు అడిగారని చెప్పి, మేమంతా పెద్దంకుల్ అని పిలిచే సంఘ పెద్ద భార్య చేత సంతకం పెట్టించుకున్నాను. ఆ ఆంటీ ఆదివారం అందరి ముందూ నా సేవాభావాన్ని మెచ్చుకుంది. నేను సిగ్గులేకుండా నవ్వుతూ నిలబడ్డాను.

ఇప్పుడు ఆ అమ్మాయికి సలహా ఇచ్చింది పెద్దంకులే.

"లాయర్ని పెట్టి తప్పించుకోవడం మన పద్ధతి కాదమ్మా. జడ్జిగారి ముందు ఒప్పేసుకో. ఒప్పుకున్నవాళ్లని దేవుడు విడిచిపెట్టడు."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మావాళ్లకి ఒప్పుకోలు వెంటే క్షమాపణ. కోర్టులో ఒప్పుకుంటే అది రికార్డులో నిలిచిపోతుందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

కూడిక అయ్యాక భోజనాల ప్లేట్లు తీస్తుంటే ఆమె వంటింట్లోకి వచ్చి, అంకుల్ చెప్పినట్టు చేస్తే సరిపోతుందా అక్కా అని అడిగింది. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. నా కేసు ఎప్పుడో పోయింది. చెబితే పోయేదల్లా మంచిపిల్లనన్న పేరు.

"ఏం కాదులే, ప్రేయర్ చేస్తాను" అన్నాను.

ఆమె ఒప్పేసుకుంది. జడ్జి జరిమానాతో పంపించేశాడు. చర్చిలో అందరూ స్తోత్రం చెప్పారు. రెండు నెలలకి, ఆ రికార్డు కారణంగా వీసా రద్దయిందని మెయిల్ వచ్చింది.

ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్లాను. అదైనా చేద్దామనుకున్నాను, అదీ నా ఊరట కోసమే. సగం దారిలో ఆమె నోరు విప్పింది.

"ఇప్పుడు లాయర్ని కలిస్తే, డైవర్షన్ ఎందుకు అడగలేదన్నాడక్కా. అలాంటిదొకటి ఉందని మనవాళ్లలో ఎవరికీ తెలీదు కదా. పాపం, అంకుల్‌ని మాత్రం ఏమంటాం?"

రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "అవును, ఎవరికీ తెలీదు" అన్నాను.

సూట్‌కేసులు దించాక నన్ను గట్టిగా పట్టుకుని, ఇన్నాళ్లూ తన కోసం ప్రార్థన చేసినందుకు థాంక్స్ చెప్పింది. నేను ఆ ప్రార్థన కూడా చేయలేదు.