గాజుగోళం కింద నా సంతకం

మొన్న గుడివాడ నుంచి, ఎండ మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి పాత రిజిస్టరు ఫొటోలున్న ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చి, "తాతగారూ, ఆ ఏడాది అన్నిచోట్లా ఎండ తగ్గిందండీ, మీ బందరు లెక్కలో మాత్రం తగ్గలేదు, ఎందుకంటారు?" అని అడిగింది. ముప్ఫై ఏళ్ళు దాటినా చల్లారని కోపం నాకు మళ్ళీ నెత్తికెక్కింది, ఆ పిల్ల మీద కాదు.

బందరు శివార్లలో, ఇప్పుడు ఆనవాలు కూడా లేని ఒక వ్యవసాయ క్షేత్రంలో నేను టెంపరరీ ఉద్యోగిని. డాబా మీద ఒక గాజుగోళం, దాని వెనక రోజుకో అట్టముక్క. గోళంలోంచి వచ్చిన ఎండ ఆ అట్టను గీతలా కాలుస్తూ పోతే, ఆ గీత పొడవును బట్టి ఎన్ని గంటలు ఎండ కాసిందో రాయడం నా పని. చదివింది ఐదో తరగతే అయినా లైబ్రరీ పుస్తకాలతో ఇంగ్లీషు కూడబలుక్కున్నవాణ్ణి, ఆ గోళాన్ని రోజూ తెల్లారకముందే మెత్తటి పాత పంచె గుడ్డతో తుడిచేవాణ్ణి.

తూర్పు సముద్రాల అవతల ఎక్కడో అగ్నిపర్వతం పేలిందని రేడియోలో విన్న కొన్ని నెలలకు, మబ్బు తునక లేని రోజుల్లో కూడా గీత పొద్దున ఆలస్యంగా మొదలై సాయంత్రం తొందరగా ఆగిపోసాగింది. పొద్దుగూకాక కూడా పడమర ఎర్రగా మండిన ఆ సాయంత్రాలు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి, పెడనలో కలంకారీ అద్దే మా బావ, "ఆకాశానికి మంజిష్ఠ ఎరుపు ఎవడద్దాడు బావా?" అని నవ్వేవాడు. మేఘాలకన్నా ఎంతో పైకి చేరిన గంధకపు పొర ఏడాది రెండేళ్ళు అక్కడే ఉండి, నేరుగా పడే ఎండను చెదరగొడుతుందని పుస్తకంలో చదివి, అట్టలన్నీ పట్టుకుని ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన వాటి వంక చూడనైనా లేదు. "గోళం తుడవటానికి బద్ధకించి అగ్నిపర్వతం మీదికి నెడతావేమయ్యా? ఐదో క్లాసువాడివి, నువ్వు నాకు చెప్తావా? పోయినేడు ఇదే నెలలో ఎంతుందో అంతే వెయ్యి. లేదా మెమో తీసుకో."

నన్ను పర్మినెంటు చేసే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. వేశాను. నెలల తరబడి వేశాను, ప్రతి పేజీ కింద సంతకమూ పెట్టాను. అసలు అట్టల్ని ఆయన చెత్తతో పాటు తగలబెట్టిస్తుంటే, ఒక్కటంటే ఒక్కటి జేబులో వేసుకునే ధైర్యం లేక నిలబడి చూశాను. ఆయన మీద ఎంత కోపమో, నా మీద అంతకు రెండింతలు.

ఇప్పుడు యంత్రాలు ఎండను తామే కొలిచి తామే రాసుకుంటాయట. వాటిని మెమోతో బెదిరించేవాడు లేడు. ఆ అమ్మాయి నేను చెప్పిందంతా విని, తన నోటుబుక్కులో ఆ నెలలకు ఎదురుగా 'నమ్మరాదు' అని రాసుకుంది. న్యాయమే. ఫోనులోని ఆ పేజీ అడుగున నా సంతకం మాత్రం ఎంత గుండ్రంగా, ఎంత శుభ్రంగా ఉందో!