ర్యాంకు ప్రకారం వాలీబాల్

ప్రతి బడిలోనూ లెక్కలకొకరు, సైన్సుకొకరు ఉంటారు. ఆ బడిలో కోపానికి కూడా ఒకరుండేవారు. జీతం మాత్రం ఆటల టీచరు పేరిట ఇచ్చేవారు. యాభై దాటిన పొట్టి మనిషి, కాన్వాసు బూట్లు, మెడలో ఈల. పిల్లలు ఈలమ్మ అని పిలిచేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసని వాళ్లకు తెలుసు. ఇరుపక్షాలూ మర్యాదకి తెలియనట్టు ఉండేవారు.

ఆమె కార్యాలయం మెట్ల కింద ఉండేది. విరిగిన బల్లలు, గాలిపోయిన బంతులు, గాలి కొట్టే పంపు, వీటి మధ్య ఒక కుర్చీ. తల వంచకుండా ఎవరూ అందులోకి రాలేరు. ప్రిన్సిపాల్ గారు ఎన్నడూ రాకపోవడానికి కారణం అదే కావచ్చు.

టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉండేది, ఎందుకంటే తనిఖీకి వచ్చేవాళ్లకి చూపించాలి. తనిఖీ లేని రోజుల్లో అది లెక్కల మాస్టారిది. "ఇవాళొక్కరోజు వదిలెయ్యండమ్మా, సిలబస్ వెనకబడింది" అనేవారాయన. ఆ ఒక్కరోజు మొదలై పదేళ్లయింది. సిలబస్ ఇంకా వెనకే ఉంది. చివరికి ఆమె బడి విడిచాక సాయంత్రాలు ఆడించడం మొదలుపెట్టింది. ఆ వేళనైనా ఎవరూ అడగరని ఆశ.

అలా ఒక సాయంత్రం ఆమె కంట పడింది నిచ్చెన. అది పిల్లలు పెట్టిన పేరు. తొమ్మిదో తరగతి, చివరి బెంచీ, తరగతిలో అందరికంటే పొడుగు. ఆ పొడుగును దాచుకోవడానికి ఆ పిల్ల ఎప్పుడూ సగానికి మడిచినట్టు కూర్చునేది. తల్లి ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. పాఠం అడిగితే పిల్ల లేచి నిలబడి తన పాదాలకేసి చూసేది. దాన్ని కొందరు పంతుళ్లు పొగరన్నారు, కొందరు మొద్దుతనమన్నారు. భయం అని ఎవరికీ తోచలేదు. ఆ వివరణ వాళ్ల సబ్జెక్టుల్లో లేదు.

"ఏమే, నిన్ను ఇంత పొడుగు సాగదీసింది నెట్టు దగ్గర నిలబెట్టడానికే. రా" అంది ఈలమ్మ.

వాలీబాల్‌లో ఒక చిన్న మర్యాద ఉంది. బంతి కిందికి దిగేలోగా ఎవరో ఒకరు "నాది!" అని అరవాలి. అరవకపోతే ఇద్దరూ ఒకేసారి ఎగబడి బుర్రలు కొట్టుకుంటారు, లేదా ఇద్దరూ ఆగిపోయి బంతిని నేలకు అప్పగిస్తారు. నిచ్చెన అరవలేదు. రెండు రోజులు బుర్రలు కొట్టుకుంది. మూడోనాడు ఈలమ్మ ఆమెను తీసుకెళ్లి ప్రహరీ గోడ ముందు నిలబెట్టింది.

"గోడకి చెప్పు, బంతి నాదని."

"...నాది."

"గోడకే వినపడలేదు. నువ్వేమైనా దానికి బాకీ ఉన్నావా? దబాయించు!"

నెల తిరిగేసరికి నిచ్చెన "నాది!" అంటే రెండో అంతస్తులో సైన్సు టీచరు చేతిలో గాజుగొట్టం జారిపడేది. ఆ తర్వాత ఒకనాడు సోషల్ క్లాసులో ఆ పిల్ల చెయ్యెత్తి, "అర్థం కాలేదండీ, మళ్లీ చెప్పండి" అంది. సోషల్ టీచరు స్టాఫ్‌రూముకి వచ్చి, పిల్లల్లో క్రమశిక్షణ తగ్గిపోతోందని వాపోయారు. అంతకుముందు అన్ని సబ్జెక్టుల్లోనూ తప్పే పిల్ల, ఆ ఏడాది మధ్యకి లెక్కలు, సైన్సు తప్ప అన్నీ గట్టెక్కింది. పక్కవాళ్ల పేపర్లో చూసి రాస్తోందన్నారు లెక్కల మాస్టారు. పక్కవాళ్లు కూడా తప్పారని ఎవరూ గుర్తుచేయలేదు.

సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ గారికి ఒక సంస్కరణ తట్టింది. ఆట అనేది చదువుకి బహుమతి. ఏ ఒక్క సబ్జెక్టు తప్పినా ఆట బంద్. అంతర్‌పాఠశాలల పోటీకి జట్టును ర్యాంకుల ప్రకారం తీస్తారు. మొదటి ఆరు ర్యాంకులు కోర్టులో, తరువాతివి బెంచీ మీద.

ఈలమ్మ ఆయన గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లింది.

"ర్యాంకు ప్రకారం వాలీబాలేమిటండీ! రేపు పరుగుపందెంలో ముందొచ్చినవాళ్లకి సైన్సు ల్యాబు తాళాలిస్తారా?"

"మీకు ప్రతిదానికీ కోపమే టీచర్ గారూ. ఇది ప్రోత్సాహకం."

"మొదటి ర్యాంకు పిల్లకి బంతంటే భయమండీ. ఏడుస్తుంది."

"అలవాటవుతుంది" అన్నారాయన, మంచి చదువరి ఏదైనా చదివేస్తుందన్న నమ్మకంతో.

వారం తిరక్కుండా నిచ్చెన బడి మానేసింది. ఈలమ్మ నేరుగా ఆసుపత్రి లాండ్రీకి వెళ్లింది. ఆవిరి మధ్య తల్లి దుప్పటి నాలుగు మూలలూ కలుపుతోంది.

"పిల్లేది?"

"ఇంట్లో పడుకుంది టీచరమ్మా. ఆట ఉన్నన్నాళ్లూ తనే లేచి పుస్తకాలు సర్దుకునేది. ఇప్పుడు లేపితే గోడవైపు తిరుగుతోంది. ఇక్కడ ఇస్త్రీకి ఒక మనిషి కావాలంటున్నారు. పెట్టేద్దామనుకుంటున్నా."

"నీ మొహం! పోటీ అయ్యేదాకా ఆగు."

"ఆడనిస్తారా?"

"ఆడిస్తాను" అంది ఈలమ్మ. ఏ అధికారంతో అందో ఆమెకే తెలియదు. పోటీకి పేర్లిచ్చేటప్పుడు మాత్రం చివరి పేరు తన ఇష్టప్రకారం ఇచ్చి వచ్చింది.

పోటీ రోజున ప్రిన్సిపాల్ గారు ముందువరసలో కూర్చున్నారు. ర్యాంకులు కోర్టులోకి దిగాయి. అవతలివాళ్లు సర్వీసు చేశారు. బంతి మొదటి ర్యాంకుకీ రెండో ర్యాంకుకీ నడుమ దిగింది. ఇద్దరూ దాన్ని శ్రద్ధగా చూశారు. అది నేలమీద పడ్డాక "సారీ" అంది ఒకామె. "పర్లేదు" అంది రెండో ఆమె. తరువాతి బంతికి మూడో ర్యాంకు అనుమతి కోసం చెయ్యెత్తింది. ఎత్తిన చేతికే బంతి తగిలి పక్క కోర్టులోకి పోయింది. జనం నవ్వారు. ఈలమ్మ నవ్వలేదు. ఆ పిల్లల తప్పేముంది? అడిగితే తప్ప నోరు విప్పకూడదని ఏళ్ల తరబడి నేర్పింది బడి. చక్కగా నేర్చుకున్నారు. అందుకే మొదటి ర్యాంకులు.

మొదటి సెట్ అయిపోయేసరికి కళ్లజోడు పిల్ల, అంటే సాక్షాత్తూ మొదటి ర్యాంకు, ముక్కు తుడుచుకుంటూ వచ్చింది.

"టీచర్, నిచ్చెనని దించండి. మాకు సిగ్గుగా ఉంది."

నిచ్చెన బెంచీ చివర నీళ్లసీసాలకి కాపలా ఉంది. ఈలమ్మ ఆమె వీపుమీద ఒక్కటిచ్చింది. "లే!"

ప్రిన్సిపాల్ గారు గీత దాకా వచ్చేశారు. "టీచర్ గారూ! ఆ అమ్మాయి ఫెయిలు!"

"ఇక్కడ జరుగుతున్న పరీక్షలో మీ ర్యాంకులన్నీ ఫెయిలేనండీ. వాళ్లనేం చేద్దామంటారు?"

అంపైరు, గీత దాటొద్దని ప్రిన్సిపాల్ గారిని మర్యాదగా వెనక్కి పంపాడు. ఆయన్ని అలా ఎవరూ వెనక్కి పంపి ఎరగరు.

నిచ్చెన తన బంతికి అరవడమే కాదు, పక్కవాళ్లని కూడా అరిపించింది. "కళ్లజోడూ, అది నీదే! నాకేసి చూస్తావేంటి, బంతికేసి చూడు!" రెండో సెట్ గెలిచారు. మూడోది చివరిదాకా లాగి ఓడిపోయారు. ఓడిపోయి కూడా కళ్లజోడు పిల్ల ఎగురుతూ బస్సెక్కింది, ర్యాంకు వచ్చినప్పుడు కూడా అంత ఎగరలేదు.

మర్నాడు బడి విడిచే వేళకి ప్రిన్సిపాల్ గారి గదిలో విచారణ. ఈలమ్మ, నిచ్చెన, పనిలోంచి పిలిపించిన తల్లి, సాక్షిగా లెక్కల మాస్టారు. రెండు సబ్జెక్టులూ గట్టెక్కేవరకు ఆట లేదని, ఇదే చివరి మాటని ఆయన సెలవిచ్చారు. ఈలమ్మ నోరు తెరిచింది. ఆమెకంటే ముందు నిచ్చెన మాట్లాడింది.

"సార్, లెక్కలు తప్పితే లెక్కల క్లాసు మానిపించరు కదండీ. ఇంకా ఎక్కువ చెప్తారు. మరి ఆటెందుకు మానిపిస్తారు?"

"చూశారా, ఎదురు మాట్లాడుతోంది!" అన్నారు లెక్కల మాస్టారు.

"ఎదురు కాదు సార్, అడుగుతున్నా. మీకు మీరు చెప్పుకుంటూ బోర్డు తుడిచేస్తారు. నాకు అర్థం కాదు. ఆడాక సాయంత్రం ఒక్క గంట చెప్పండి. కుదరదంటే కళ్లజోడు చెప్తానంది. కానీ ఆట మానను."

తల్లి నోరు తెరుచుకుని చూస్తోంది. "ఇంట్లో ఉప్పెక్కడుందే అంటే చెప్పని పిల్లండీ ఇది" అంది, ఎవరితోనో తెలియకుండా.

ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత తీశారు. అమ్మాయి అడిగింది సబబేనని ముగ్గురు ఆడవాళ్ల ముందు ఒప్పుకోలేరు. అందుకని తీర్పును రెండు ముక్కలు చేశారు. అమ్మాయి విషయంలో నిబంధనను ఈ ఏడాదికి సడలించడమైనది. ఆజ్ఞ మీరినందుకు టీచర్ గారిని జట్టు బాధ్యత నుంచి తప్పించడమైనది. ఇకపై జట్టును లెక్కల మాస్టారు చూస్తారు. టీచర్ గారు ఈ సాయంత్రం నుంచి గేటు దగ్గర బడి బస్సుల వరస చూస్తారు.

"నేనా?" అన్నారు లెక్కల మాస్టారు. ఆయనకు బంతికి గాలి ఎటునుంచి కొడతారో కూడా తెలియదు.

ఈలమ్మ బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమె ఆ గదినుంచి అరవకుండా రావడం అదే మొదటిసారి. మెట్లమీద తల్లి అందుకుంది.

"మా పిల్ల కోసం మీ ఆట పోయింది టీచరమ్మా."

"నామీద జాలిపడకు, ఒళ్లు మండుతోంది! వాళ్లు బడి నడుపుతున్నారా, గొర్రెల్ని లెక్కపెడుతున్నారా? రేపు పిల్లని ఆలస్యంగా పంపావో, నీతో కూడా పోట్లాడతాను."

"పంపుతాను. ఇస్త్రీకి వేరే మనిషిని చూసుకోమని చెప్పేస్తాను."

"చెప్పెయ్. ఇప్పుడే వెళ్లి చెప్పు."

తల్లి లాండ్రీ వైపు నడిచింది. వెనక కోర్టులో నిచ్చెన, లెక్కల మాస్టారికి నెట్టు ఎలా బిగించాలో గట్టిగా చెబుతోంది. ఈలమ్మ అటు చూడకుండా గేటు వైపు వెళ్లింది. తాము చేసిన పాపమేమిటో, ఆ సాయంత్రం డ్యూటీలో ఉండి ఆమె నోట పడ్డ బస్సు డ్రైవర్లకు ఇప్పటికీ తెలియదు.