అగ్గిపెట్టె అడిగినాయన

మా మిరప చేల దగ్గర గ్యాస్ కోసం బోరు వేశాక, చుట్టుపక్కల బావుల్లోకి ఎంత గ్యాస్ వస్తోందో మీటరుతో కొలవడానికి ఒకాయన వచ్చేవారు. ఎవరు కనపడినా ముందు చెయ్యి చాచేవారు.

"అగ్గిపెట్టె ఇలా ఇవ్వండి."

"బీడీ కూడా కావాలా సారూ?" అని కూలీలు నవ్వేవాళ్లు.

వేసవిలో పూడిక తీయడానికి దిగేముందు, నాన్న అలవాటుగా లాంతరు వెలిగించి బావిలోకి దించబోయారు. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని గుర్తు.

"దించకండి! ఇది దీపాన్ని ఆర్పే గాలి కాదు, అంటుకునే గాలి!" అంటూ ఆయన పరుగున వచ్చి లాంతరు లాక్కున్నారు. నాన్న దక్కారు.

మరుసటి వారం పక్క ఊళ్లో ఆయన బావిలోకి వంగి కొలుస్తుంటే, చీకటిగా ఉందని ఎవరో సాయానికి లాంతరు తెచ్చారు. ఇద్దరూ కాలిపోయారు.

ఆయన పేరైనా మేం అడగలేదు. పొయ్యి వెలిగించే ముందు రోజూ, "అగ్గిపెట్టె అడిగినాయన కోసం వందనాలు ప్రభువా" అనుకుంటాను.