సొంత చేలో కూలి

అడవి అంచున ఉన్న కొంటాలో మాకు ఇప్పపువ్వు కొనే దుకాణం ఉండేది. ఎండాకాలమంతా ఆ వాసన మా పక్కబట్టలకు కూడా పట్టేది. చుట్టుపక్కల పల్లెల నుంచి దోర్ల గిరిజనులు కావళ్లలో పువ్వు మోసుకొచ్చేవారు. వాళ్లలో ఒక ఆలుమగలంటే నాన్నకు అభిమానం. వాళ్లు రాగానే ముందు అమ్మ మజ్జిగ ఇచ్చేది, తర్వాతే తూకం.

వాళ్లకు పిల్లలు నిలవలేదు. అయినా చాలాకాలం ఆ లోటు పనుల్లో తెలియలేదు. ఈ రోజు నీ చేలో, రేపు నా చేలో అన్నట్టు ఊరంతా కలిసి దున్నుకునేది, నాట్లు వేసుకునేది. మిర్చి కోతలకని భద్రాచలం అవతలికి పోయిన పడుచువాళ్లు ఒక్కొక్కరే అక్కడే ఉండిపోవడంతో ఆ పద్ధతి ఆగిపోయింది. మిగిలినవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకునే వయసు దాటారు.

ఒక్క ఇంట్లో మాత్రం ఎదిగిన కొడుకులు ముగ్గురూ ఊళ్లోనే ఉన్నారు. ఈ ఆలుమగల చేనూ, మిగతా ముసలివాళ్ల చేలూ ఒకటొకటిగా వాళ్లకే పాలుకు చేరాయి. వాళ్లు ట్రాక్టరు కొన్నారు. పువ్వు మాకు తేకుండా నేరుగా జగదల్‌పూర్ మార్కెట్టుకు పంపసాగారు. వాళ్లు ఎవరినీ మోసం చేయలేదు. ఆ మాట నాన్న కూడా ఒప్పుకునేవాడు.

ఒక వానాకాలం నాన్నతో ఆ ఆలుమగల ఊరికి వెళ్లాను. పెద్దావిడ తన చేలోనే వంగి నాటు వేస్తోంది. నాన్న పలకరిస్తే నడుం పట్టుకుని లేచింది.

“చేను మాదే సేటూ. చేసేటోళ్లు లేక ఇచ్చినం. కూలికి పిలిస్తే వస్తన్న.”

ఆమె గొంతులో కోపం లేదు. పెద్దాయనకు మోకాళ్లు పనిచేయడం లేదని చెప్పి మళ్లీ వంగింది.

మరుసటి ఏడు ఆమెను పిలవలేదు. ఆమె చేయి నెమ్మదించిందని, వరుసంతా ఆమె కోసం ఆగాల్సి వస్తోందని ఆ ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు మా దుకాణంలో చెప్పాడు. చెప్పడానికి మొహమాటపడ్డాడు.

“ఏం చెయ్యమంటవ్ సేటూ? వాన ఆగదు గదా.”



పెద్దాయన ఆ చలికాలంలోనే పోయాడు. మా దుకాణానికి వచ్చే కావళ్లు కూడా తగ్గిపోయాయి. లారీ నిండని సరుకుతో వ్యాపారం సాగక నాన్న పువ్వు కొనడం మానేసి సబ్బులు, బీడీలు పెట్టుకున్నాడు. ఆ సంగతి తెలియక పెద్దావిడ ఒకరోజు చిన్న పువ్వు మూటతో వచ్చింది. నాన్న సంగతి చెప్పి, మూట ఉంచి డబ్బు తీసుకుని వెళ్లమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. కాసేపు అరుగు మీద కూర్చుని, మూట ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.